పిల్లలకు మోషన్స్: ఓఆర్‌ఎస్ తాగించినా తగ్గకపోతే

చెన్నైలో క్యాన్ నీళ్ళు తాగే ఇళ్ళలోనూ, మెట్రో వాటర్ కాచి తాగే ఇళ్ళలోనూ చిన్నపిల్లలకు మోషన్స్ తప్పడం లేదు. చాలాసార్లు కారణం వైరస్. వారం లోపు దానంతట అదే తగ్గుతుంది. ఈలోగా ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు వల్లే ప్రాణం మీదికి వస్తుంది.

ఓఆర్‌ఎస్ ఇస్తున్నా నీళ్ళలాగే పోతున్నాయి

ముందు ఎలా కలిపారో చూడండి. లీటరు ప్యాకెట్టును గ్లాసుడు నీళ్ళలో కలిపితే ఆ చిక్కదనానికి ఒంట్లోని నీరు పేగులోకి దిగి మోషన్స్ పెరుగుతాయి. రక్తంలో సోడియం కూడా ప్రమాదకరంగా పెరగవచ్చు. పొడి కొంచెం కొంచెంగా వాడుకున్నా పాళ్ళు కుదరవు. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో పెద్ద ప్యాకెట్టు మొత్తం వేయండి. చిన్నదానికి 200 మి.లీ. చాలు. ఇంట్లో టంబ్లర్లు తలో సైజు ఉంటాయి, కాబట్టి లీటరు వాటర్ బాటిల్‌తో కొలవండి. కలిపి 24 గంటలు దాటితే పారబోయండి.

కలపడంలో తేడా లేకపోతే, ఇస్తున్నది అసలు ఓఆర్‌ఎస్సేనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. ఉప్పును, దాంతోపాటు నీటిని పేగు పీల్చుకోవడానికి ఆ కాస్త గ్లూకోజ్ చాలు. టెట్రాప్యాక్ తీపి డ్రింకుల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడొద్దంది. మెడికల్ షాపులో పొడి ప్యాకెట్టే అడగండి, దాని మీద ఈ పాళ్ళు చూసుకోండి.

తాగగానే వాంతి

దాహంతో గటగటా తాగేస్తే కడుపు పట్టదు. 10 నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున పోయండి. సీసా వద్దు. ఓపిక కావాలి, కానీ చాలామంది పిల్లలకు సెలైన్ అవసరం ఇలాగే తప్పుతుంది.

మోషన్ అయిన ప్రతిసారీ రెండేళ్ళ లోపు వాళ్ళకు 50-100 మి.లీ., ఆపై వాళ్ళకు 100-200 మి.లీ. తల్లిపాలు ఆపొద్దు. ఇడ్లీ, పెరుగన్నం పెట్టొచ్చు. పస్తు పెడితే నీరసం పెరుగుతుంది, కోలుకోవడం ఆలస్యమవుతుంది.

తగ్గి, కొన్నాళ్ళకే మళ్ళీ మొదలైంది

మోషన్స్‌కి ఓఆర్‌ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ మాత్రలు మధ్యలో ఆపేశారేమో చూడండి. ఆరు నెలలు దాటినవాళ్ళకు రోజుకు 20 మి.గ్రా., అంతకన్నా చిన్నవాళ్ళకు డాక్టర్ని అడిగి 10 మి.గ్రా. మోషన్స్ తగ్గినా 14 రోజులూ వేయాల్సిందే. మాత్రను చెంచా నీళ్ళలోనో తల్లిపాలలోనో కరిగించండి. మోషన్స్ కట్టేసే లోపెరమైడ్ పసిపిల్లలకు ప్రమాదం. మిగిలిపోయిన యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు.

ఇక ఇంట్లో ఆగకూడదు

మోషన్‌లో రక్తం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, కళ్ళు లోతుకు పోవడం, పసిబిడ్డకు మాడు గుంటపడటం, తాగలేనంత మగత: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బయల్దేరండి. పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే రెండు సెకన్లు దాటినా సర్దుకోకపోతే ఒంట్లో నీరు బాగా తగ్గినట్టు. ఎగ్మోర్‌లో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉంది, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. బిడ్డ మెలకువగా ఉండి మింగగలిగితే దారిలోనూ చెంచాతో ఓఆర్‌ఎస్ పోస్తూ ఉండండి.