పాత వీడియో ఆర్ట్‌కు రెట్రోస్పెక్టివ్ స్క్రీనింగ్ ఎలా ఏర్పాటు చేయాలి?

వీడియో ఆర్ట్ అంటే కళాకారులు వీడియోనే మాధ్యమంగా చేసుకుని తీసినవి. వాటిలో పాతవి ఏరి, వరసగా చూపించడమే రెట్రోస్పెక్టివ్ స్క్రీనింగ్. ముందు ఒక కోణం తేల్చుకోండి. చరిత్రంతా ఒక్క సాయంత్రంలో కుక్కితే ఎవరికీ ఏదీ గుర్తుండదు. 1960ల చివర్లో సోనీ పోర్టాప్యాక్ అనే, చేత్తో మోసుకెళ్లే వీడియో సెట్ వచ్చాక, టీవీ స్టేషన్ గడప తొక్కకుండానే ఒక్క మనిషి కెమెరా, రికార్డర్ మోసుకెళ్లి వీడియో తీయగలిగాడు. ఆ స్వేచ్ఛతో ఎవరేం చేశారన్నది చాలు, ఒక కార్యక్రమానికి.

తర్వాత జాబితా. గంటా పావు దాటనివ్వకండి. చిన్నవి ముందు పెట్టండి. కళాకారిణి మార్తా రోస్లర్ తీసిన 'సెమియాటిక్స్ ఆఫ్ ద కిచెన్' (1975) సుమారు 6 నిమిషాలు. మరో కళాకారిణి జోన్ జోనాస్ తీసిన 'వర్టికల్ రోల్' (1972) దాదాపు 20 నిమిషాలు. ఇందులో బొమ్మ నిలవకుండా దొర్లుతూనే ఉంటుంది, అది కావాలని చేసిందే. ముందే ఒక మాట చెప్పకపోతే ప్రొజెక్టర్ పాడైందని జనం వెనక్కి తిరిగి చూస్తారు.

నెట్‌లో దొరికింది కదా అని వేసేయకూడదు. న్యూయార్క్‌లోని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఇంటర్‌మిక్స్, షికాగోలోని వీడియో డేటా బ్యాంక్, లండన్‌లోని లక్స్ అనే సంస్థలు ఇలాంటి వీడియోలను ప్రదర్శనకు అద్దెకిస్తాయి. తేదీ, సీట్లు, టికెట్ ఉందా లేదా రాసి, వీలైనంత ముందుగా అడగండి.

కళాకారులే తమ పాత టేపులు తెచ్చిస్తే సంబరపడి ప్లేయర్‌లో పెట్టకండి. ఏళ్ల తరబడి తేమ పీల్చిన టేపు పూత జిగురుగా మారి ఊడిపోవచ్చు. అప్పుడు ఒక్కసారి తిప్పినా బొమ్మ పోవచ్చు. టేపులను డిజిటైజ్ చేసే ల్యాబ్‌కే ఇవ్వండి.

ఎక్కువగా చెడేది తెర దగ్గర. అప్పటి వీడియో 4:3 కొలతది, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. దాన్ని వెడల్పు తెర నిండా సాగదీస్తే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. పక్కన నల్లపట్టీలు ఉండనివ్వండి. బొమ్మను మరీ పెద్దది కూడా చేయొద్దు, చిన్న మానిటర్ కోసం తీసినవి చాలా ఉన్నాయి. పాత ట్యూబ్ టీవీ దొరికితే ఒక్క వీడియోనైనా అందులో చూపించండి, తేడా వెంటనే తెలుస్తుంది. గరగర శబ్దాన్ని, గీతలను 'శుభ్రం' చేసే ఫిల్టర్ల జోలికి పోకండి. ఏది లోపమో, ఏది ఉద్దేశమో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

ముందురోజు అదే హాల్లో అన్నీ చివరిదాకా నడిపి చూడండి. ఒక్కో టేపు ధ్వని ఒక్కోలా ఉంటుంది కాబట్టి వాల్యూమ్ అంకెలు రాసిపెట్టుకోండి. వీడియోల మధ్య కొన్ని సెకన్ల చీకటి ఉంచండి. చర్చను చివరికి నెడితే సగం మంది బస్సు టైమైందని లేచిపోతారు, సగంలోనే పెట్టేయండి.