చిన్న డబ్బాలో గ్రాఫిక్స్ కార్డు – 4వ పాఠం: ముందు లేబుల్, ఆ తర్వాతే కార్డు

పాత చిన్న ఆఫీసు కంప్యూటర్‌లో ఏ గ్రాఫిక్స్ కార్డు పెట్టొచ్చో ఈ పాఠాల్లో చూస్తున్నాం. ఈ పాఠంలో నేరుగా కార్డుల పేర్లలోకి వెళ్లాల్సింది. కానీ మీ కంప్యూటర్ ఎన్ని వాట్లు ఇస్తుందో అని మూడో పాఠం అభ్యాసానికి మీరు పంపిన లెక్కలు చూశాక, మళ్లీ ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని మార్చి కంప్యూటర్ లోపలి భాగాలకి పంచే పెట్టె) లేబుల్ దగ్గరికే రావాల్సి వచ్చింది. తప్పు లెక్క నమ్ముకుని కార్డు కొనేసిన వాళ్లు కూడా ఉన్నారు. అందుకని ముందు ఇది తేల్చుకుందాం.

చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసు నడిపే ఒకాయన తన కంప్యూటర్ 720 వాట్లు ఇస్తుందని రాశారు. ఫొటో చూస్తే అది 180 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఆయన గుణించింది లేబుల్ పైన ‘ఇన్‌పుట్’ అని ఉన్న వరుసని: 240 వోల్టులు, 3 ఆంప్స్. ఇదే గుణకారం ఒంగోలు నుంచీ వచ్చింది, కావలి నుంచీ వచ్చింది. ఇన్‌పుట్ వరుస చెప్పేది గోడ ప్లగ్గు నుంచి ఎక్కువలో ఎక్కువ ఎంత కరెంటు లాగొచ్చనేది. వైరు, ఫ్యూజు ఎంత ఉండాలో చూసుకోవడానికి అది. ఒకే ఎస్‌ఎంపీఎస్ 100 వోల్టుల దేశంలోనూ నడవాలి. వోల్టేజీ తగ్గితే అదే పనికి ఆంప్స్ పెరుగుతాయి, ఆ పెద్ద అంకెనే అచ్చు వేస్తారు. మన 230 వోల్టుల దగ్గర అన్ని ఆంప్స్ లాగదు. కాబట్టి ఆ వరుసని చేత్తో మూసేసి, కింద ‘అవుట్‌పుట్’ అని ఉన్న పట్టిక మాత్రం చూడండి.

ఆ పట్టికలో మనకి కావాల్సింది +12 వోల్టుల గడి. గ్రాఫిక్స్ కార్డు తిండి దాదాపు అంతా అక్కడిదే. మదర్‌బోర్డు మీది పెద్ద స్లాట్ కార్డుకి ఇవ్వగలిగింది మొత్తం 75 వాట్లు. అందులో 66 వాట్లు 12 వోల్టుల లైన్ నుంచి, అంటే 5.5 ఆంప్స్. మిగిలిన పది వాట్ల లోపు 3.3 వోల్టుల లైన్ నుంచి వస్తుంది. లేబుల్ మీద 12 వోల్టుల దగ్గర 15 ఆంప్స్ ఉంటే 180 వాట్లు. లెక్క ఇంతే.

నెల్లూరులో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి సరైన గడే పట్టుకుంది. అయితే ఆమె లేబుల్‌లో +12వీఏ, +12వీబీ అని రెండు 12 వోల్టుల లైన్ల గడులున్నాయి. రెండూ గుణించి కలిపేసింది. వచ్చిన మొత్తం ఎస్‌ఎంపీఎస్ అసలు సామర్థ్యాన్నే దాటిపోయింది. రెండు లైన్లూ ఒకేసారి నిండుగా ఇవ్వవు. వాటి కింద చిన్న అక్షరాల్లో ‘రెండూ కలిపి గరిష్ఠం’ అనే అర్థం వచ్చే వరుస ఇంకోటి ఉంటుంది, అదే మన అంకె. అది లేకపోతే ఎస్‌ఎంపీఎస్ మొత్తం వాట్లే హద్దు.

యూపీఎస్ మీద ఉన్న 600 వీఏ చూసి ధైర్యం తెచ్చుకున్న వాళ్లకి ఒక్క మాట: యూపీఎస్ బయట ఉంటుంది, దాని అంకెతో ఈ లెక్కకి సంబంధం లేదు.

ఇప్పుడు తీసివేత. నా పద్ధతిలో మొత్తంలో ఎనభై శాతమే వాడుకోవడానికి ఉందనుకోవాలి. 180 అయితే 144. ఇంటెల్ ఐ5-6500, ఐ5-8500 లాంటి ప్రాసెసర్లకి 65 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకి 30 ఉంచండి. మిగిలింది 49. అంటే 180 వాట్ల డబ్బాకి 50 వాట్ల కార్డు. 240 వాట్లదైతే 192లోంచి 95 పోతే 97 మిగులుతుంది, స్లాట్ ఇచ్చే 75 వాట్లు పూర్తిగా వాడుకోవచ్చు. 180 వాట్ల మీద 75 వాట్ల కార్డు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, నడుస్తుంది కూడా. అయినా నేను పెట్టించను. రోహిణి కార్తెలో ఒంగోలులో మధ్యాహ్నం గది ఎంత మండుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ వేడిలో పాత ఎస్‌ఎంపీఎస్ కొత్తప్పుడు ఇచ్చినంత ఇవ్వదు. మనం కొనే ఆఫీసు కంప్యూటర్లు అప్పటికే ఐదారేళ్లు నడిచి వచ్చినవి.

పెద్ద ఎస్‌ఎంపీఎస్ వేసుకుంటే సరిపోదా అని అడిగారు. డెల్ ఆప్టిప్లెక్స్ 7050 లాంటి చిన్న ఆఫీసు కంప్యూటర్లలో మామూలు 24 పిన్నుల కనెక్టరే ఉండదు, ఎస్‌ఎంపీఎస్ ఆకారం కూడా వేరు. బజార్లో దొరికేది అందులో పట్టదు. అలాగే కొన్ని పాత మోడళ్ల మాన్యువల్‌లో స్లాట్‌కే 75 కంటే తక్కువ హద్దు రాసి ఉంటుంది. మీ మోడల్ మాన్యువల్ దించుకుని ఆ పేజీ చదవండి. నాలుగు పుస్తకాలు కలిపినంత సైజు ఉండే మైక్రో, టైనీ రకాల్లో అసలు ఈ స్లాటే ఉండదు. అవి ఉన్నవాళ్లు ఈ పాఠాలు చదవడం మానేసి డబ్బు దాచుకోవడం మంచిది.

కొలతల గురించి పెద్దగా చెప్పను. క్యాబినెట్ విప్పడం, మూత పెట్టడం మీకు వచ్చినవే. సన్న డబ్బాలో పట్టేది ఎత్తు తక్కువ ఉండే లో ప్రొఫైల్ కార్డు మాత్రమే. దాని బ్రాకెట్ (కార్డుని క్యాబినెట్‌కి బిగించే ఇనుప పట్టీ) సుమారు 79 మిల్లీమీటర్లు ఉంటుంది, మామూలుది 120. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు పొట్టి బ్రాకెట్ కూడా ఇస్తున్నారో లేదో అడగండి, విడిగా దొరకడం కష్టం. ఒక స్లాట్ వెడల్పు 20.32 మిల్లీమీటర్లు. పెద్ద స్లాట్ పక్కనే ఎస్‌ఎంపీఎస్ గోడ ఉంటే రెండు స్లాట్ల మందం కార్డు దిగదు. స్కేలు పెట్టి చూసి, ఫొటో తీసి ఉంచుకోండి.

ఇక నాకు కోపం తెప్పించే విషయం: కన్వర్టర్ కేబుల్.

ఒంగోలులో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే స్టూడియో అతను లో ప్రొఫైల్ ఆర్‌టీఎక్స్ 4060 తెచ్చుకున్నాడు. ఎత్తు సరిపోయింది. ఆ కార్డు 115 వాట్లు లాగుతుంది, దానికి ఎనిమిది పిన్నుల కరెంటు కనెక్టర్ కావాలి. అతని ఎస్‌ఎంపీఎస్‌కి అది లేదు. షాపు వాళ్లు హార్డ్‌డిస్క్‌కి పోయే సాటా పవర్‌ని ఎనిమిది పిన్నులుగా మార్చే కేబుల్ ఒకటి చేతిలో పెట్టి పంపారు. ఇంకా పెట్టలేదని రాశాడు. పెట్టొద్దు.

లెక్క చూడండి. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకి ఉన్నవి మూడు పిన్నులు. ఒక్కో పిన్ను మోయగలిగేది 1.5 ఆంప్స్. మూడూ కలిపి 4.5 ఆంప్స్, అంటే 54 వాట్లు. ఆరు పిన్నుల కనెక్టర్ కార్డుకి మాట ఇచ్చేది 75 వాట్లు, ఎనిమిది పిన్నులది 150. కేబుల్ అటు చివర 54, ఇటు చివర 150. మధ్యలో ఉన్నది ఉత్త రాగి తీగ, దానికి కరెంటు పుట్టించే శక్తి లేదు. కార్డుకి మాత్రం అవతల ఏముందో తెలియదు. ఎనిమిది పిన్నులు కనబడ్డాయి కాబట్టి తనకి కావాల్సినంత లాగుతుంది. ఇంట్లో లైటుకి వేసిన సన్న వైరుకి బోరు మోటారు తగిలించడం లాంటిదే ఇది. మొదటి రోజు నడుస్తుంది, వారం నడుస్తుంది. పెళ్లిళ్ల సీజన్లో రాత్రంతా రెండరింగ్ పెట్టిన రోజున ఆ కనెక్టర్ ప్లాస్టిక్ మెత్తబడి, పిన్నులు ఒకదానికొకటి తగులుతాయి. పోయేది కార్డు ఒక్కటే కాదు. అదే లైన్‌లో ఉన్న హార్డ్‌డిస్క్ కూడా పోవచ్చు, అందులో వేరేవాళ్ల పెళ్లి ఉంటుంది.

ఇంకో సంగతి షాపులో ఎవరూ చెప్పరు. చాలా చిన్న ఆఫీసు కంప్యూటర్లలో సాటా పవర్ ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా రాదు, మదర్‌బోర్డు మీది చిన్న కనెక్టర్ నుంచి వస్తుంది. ఒక డిస్కు, ఒక డీవీడీ డ్రైవ్ నడవడానికి వేసిన దారి అది. అక్కడ 54 వాట్లు కూడా నమ్మొద్దు. రెండు సాటాలు కలిపి ఎనిమిది పిన్నులు చేసే కేబుల్ ఉంది కదా అని అడగబోయేవాళ్లకి: ఆ రెండూ బోర్డు మీద ఒకే కనెక్టర్ నుంచి వస్తుంటే కలిపినా మిగిలేది అదే దారి. ఎస్‌ఎంపీఎస్ చేసినవాడు కార్డు కనెక్టర్ ఇవ్వలేదంటే, ఆ ఎస్‌ఎంపీఎస్ అలాంటి కార్డు కోసం చేయలేదని అర్థం. కరెంటు కనెక్టర్ ఉన్న కార్డు ఈ డబ్బాల్లోకి వద్దు. నా పాఠాల్లో దీనికి మినహాయింపు లేదు.

ఇప్పుడు కార్డులు. 180 వాట్ల వాళ్లకి నేను ముందు చెప్పేది ఎన్విడియా టీ1000. 50 వాట్లు, ఒకే స్లాట్ మందం, లో ప్రొఫైల్, 4 జీబీలోనూ 8 జీబీలోనూ దొరుకుతుంది. జీటీఎక్స్ 1650 అనే గేమింగ్ కార్డులో ఉన్నట్టే ఇందులోనూ లెక్కలు చేసే కోర్లు 896. ఆఫీసు సామాన్ల కార్డు అని గేములు ఆడేవాళ్లు పట్టించుకోరు, అది మనకి మంచిదే. వెనక ఉండేవి మినీ డిస్‌ప్లేపోర్టులు, కాబట్టి మానిటర్‌కి పెట్టే మార్పిడి కేబుల్ ఖర్చు కలుపుకోండి. అదే వరుసలో టీ600 40 వాట్లు, టీ400 30 వాట్లు. చీమకుర్తి ఆయనకి స్లాబుల డ్రాయింగులకి టీ600 చాలు.

ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400 లాగేది 53 వాట్లు, గేములకి బాగుంటుంది. కానీ దానికి స్లాట్‌తో మాట్లాడే దారులు నాలుగే. బోర్డు మీది స్లాట్ పీసీఐఈ 4.0 తరానిదైతే ఇబ్బంది లేదు. మన పాత ఆరో తరం, ఎనిమిదో తరం ఇంటెల్ బోర్డులన్నీ 3.0, అక్కడ దారి సగమైపోతుంది. 4 జీబీ మెమరీ నిండిన గేముల్లో ఆ తేడా తెలుస్తుంది. పైగా ఇందులో వీడియో ఎన్‌కోడర్ (వీడియోని కుదించి ఫైలుగా మార్చే భాగం) లేదు. స్టూడియో వాళ్లకి అసలు వద్దు.

240 వాట్లు ఉండి, రెండు స్లాట్ల చోటు ఉంటే ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ లో ప్రొఫైల్ చూడండి. 2024లో వచ్చింది, 70 వాట్లు, కరెంటు కనెక్టర్ అక్కర్లేని రకాలున్నాయి. 8 జీబీ 3050 వేరే కార్డు, అది ఎక్కువ లాగుతుంది. కార్డు అట్టపెట్టె మీద 6 జీబీ అని ఉందో లేదో చూసే తీసుకోండి. ఒంగోలు స్టూడియో అతను 4060 వెనక్కిచ్చి తీసుకోవాల్సింది ఇదే, అతని ఎస్‌ఎంపీఎస్ 240 అయితే. కాకపోతే 8 జీబీ టీ1000. ఇంటెల్ ఆర్క్ ఏ310, ఏ380లకి బోర్డులో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే సదుపాయం) ఉండాలి, పాత బోర్డుల్లో ఉండదు, వదిలేయండి.

జీటీఎక్స్ 1050 టీఐ ఇప్పటికీ చవగ్గా దొరుకుతోందని చాలామంది అడిగారు. 2016 నాటి కార్డు. ఆ తరానికి మామూలు డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, ఇక 2028 వరకు భద్రతా అప్‌డేట్లే. పైగా పాత చిప్‌కి కొత్త పేరు ఎక్కించిన నకిలీలు ఎక్కువ. వెనక నీలం రంగు వీజీఏ పోర్టు ఉన్న 1050 టీఐ కనిపిస్తే పక్కన పెట్టేయండి, ఆ తరం చిప్‌లో వీజీఏ సిగ్నలే లేదు. జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాం చాలా నకిలీలని పేరు ముందే ‘ఫేక్’ అని చూపిస్తుంది. మీ మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే, ఏ కొత్త కార్డు తీసుకున్నా సిగ్నల్ మార్చే యాక్టివ్ అడాప్టర్ కొనాలి.

నెల్లూరు ఫ్లెక్సీ షాపుల వాళ్లకి విడిగా చెప్తాను. రొట్టెల పండగ ముందు పని మీద పడుతుంది, కోరెల్‌డ్రా, ఫోటోషాప్ ఫైళ్లు ఆలస్యంగా తెరుచుకుంటున్నాయని కార్డు కొనాలనుకుంటున్నారు. 8 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్‌తో నడుపుతున్నట్టయితే ముందు 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేయించండి. కార్డు సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

అభ్యాసం. ప్లగ్గుకి తగిలించే వాట్ మీటర్ ఒకటి కొనండి, లేదా నలుగురు కలిసి ఒకటి కొనండి. కార్డు కొనకముందే మీ డబ్బాకి తగిలించి, ఏమీ చేయనప్పుడు ఎంత లాగుతోందో రాయండి. తర్వాత ప్రాసెసర్‌ని అరగంట నిండుగా తిప్పే పని పెట్టి, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ఏసీ లేకుండా, మళ్లీ రాయండి. మీటర్ చూపేది గోడ దగ్గరి వాట్లు, లోపలికి చేరేది దానికంటే తక్కువ. అలా వచ్చిన పెద్ద అంకెని ఎస్‌ఎంపీఎస్ వాట్ల ఎనభై శాతం నుంచి తీసేయండి. పక్కనే లేబుల్ లెక్క రాయండి. రెండింటి మధ్య 15 వాట్ల కంటే తేడా ఉంటే ఎందుకో కారణం రాసి పంపండి. లేబుల్ ఫొటో, స్లాట్ ఫొటో స్కేలుతో సహా జతచేయండి. ఇన్‌పుట్ వరుసని గుణించినవాళ్లు లెక్క కొత్తగా చేయాలి, పాతది దిద్ది పంపొద్దు. ఐదో పాఠంలో బయోస్ సెట్టింగులు, డ్రైవర్లు చూద్దాం. ఈ అంకెలు లేనివాళ్లకి అందులో చేయడానికి ఏమీ ఉండదు.