మృగశిర లోపే కర్ర పని సర్దుకోండి

ఎండాకాలంలో వెనక వసారాలో బల్ల వేసి, చిన్న రంపం మిషనూ, కర్రను తిప్పుతూ చెక్కే లేతూ బిగించి చేతిపనుల వ్యాపారం మొదలుపెట్టినవాళ్లకు ఇది రాస్తున్నాను. మీ పనిలోని లోపాలు మే నెలలో కనిపించవు, వానలు పడ్డాకే బయటపడతాయి.

మొదటి ఏడాది నేను ఎండల్లో చేసిన పోపుల పెట్టె మూత వేలితో తోస్తే జారేది. శ్రావణంలో కొన్నావిడ ఫోను చేశారు: "మూత రావడం లేదండీ, కత్తితో పెకలించమంటారా?" తప్పు నాదే. కర్ర పొడవునా పెద్దగా మారదు, తేమ తగిలితే వెడల్పులో ఉబ్బుతుంది. జానెడు వెడల్పు మూతకు ఎండల్లోనే రెండు మిల్లీమీటర్ల సందు వదలాలి. పూజ పీటకు అడుగున అడ్డపట్టీలు వేస్తే జిగురుతో అతికించేయకండి. మధ్య స్క్రూ గట్టిగా బిగించి, చివరి స్క్రూల రంధ్రాలు కాస్త సాగదీస్తే పలక కదలడానికి చోటుంటుంది.

పలకలను గోడకు ఎడంగా, ఇటుకల మీద, మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చండి. ప్లాస్టిక్ పట్టాతో బిగించి కప్పితే లోపలే బూజు పడుతుంది. కింద గోధుమపిండిలాంటి పొడి రాలిందంటే పుచ్చు పట్టినట్టే, ఆ ముక్కను వెంటనే వేరు చేయండి.

కరెంటు విషయంలో పొదుపు వద్దు. కరెంటు మితిమీరితే ఆపే స్విచ్చు ఎంసీబీ ఉంది కదా అనుకోవద్దు, అది కాపాడేది తీగను. మనిషి కోసం, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు, సరైన ఎర్తింగు కావాలి. రెండూ ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి.

జల్లు కొడుతుందని కిటికీలు మూస్తాం, పొట్టు దుమ్మంతా గదిలోనే తిరుగుతుంది. కర్ర దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థే తేల్చింది. రుమాలు దాన్ని ఆపదు, ఎన్95 మాస్కు కట్టుకోండి. లేత్ దగ్గర చేతి తొడుగులు మాత్రం వద్దు. తిరిగే కర్ర తొడుగును పట్టుకుంటే వేళ్లనూ లాక్కుపోతుంది. కండువా, వదులు చొక్కా చేతులు, గాజులూ అంతే.

చాలామంది నమ్మని సంగతి ఒకటుంది. అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. వానరోజు బయట ఆరేసే వీలుండదు కాబట్టి మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లు పోసి ముంచి ఉంచండి.

పిల్లల బొమ్మలు అమ్మాలనుకుంటే మరో జాగ్రత్త. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల విభాగంలో నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. నమోదు కాకముందే సరుకు చేసి పెట్టుకోకండి.

వరలక్ష్మీవ్రతం పీటల ఆర్డర్లు సరిగ్గా ముసురులోనే వస్తాయి. ఆ తేమలో లక్కర్ అనే మెరుపు పూత కొడితే తెల్లటి పొర కడుతుంది. ఆషాఢం సగం దాటాక వచ్చిన ఆర్డరుకు మైనం పూతే వేస్తానని, మెరుపు తక్కువగా ఉంటుందని, బయానా తీసుకునే ముందే చెప్పేస్తాను.