కేస్ ఫ్యాన్ల చప్పుడు తగ్గించే పద్ధతి

నిశ్శబ్దంగా ఉండాలని ఏరికోరి కూర్చుకున్న డెస్క్‌టాప్ కూడా రాత్రి సీలింగ్ ఫ్యాన్ ఆపేసరికి గుయ్‌మంటూ వినిపిస్తుంది. అంతమాత్రాన కొత్త ఫ్యాన్లు కొననక్కరలేదు. చాలాసార్లు తప్పు ఫ్యానుది కాదు, దాన్ని తిప్పే తీరుది.

మొదట బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి కేస్ ఫ్యాన్లను (కంప్యూటర్ పెట్టెలో గాలి ఆడించే ఫ్యాన్లను) ఒక్కొక్కటిగా కనిష్ఠ వేగానికి దించి వినండి. అన్నీ దించినా చప్పుడు తగ్గకపోతే అది పవర్ సప్లైదో, గ్రాఫిక్స్ కార్డుదో, హార్డ్ డిస్కుదో అయి ఉంటుంది.

ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి కూడా దాదాపు సగమవుతుంది గానీ, చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకే ఒక ఫ్యానును 1200 ఆర్‌పీఎంతో (నిమిషానికి 1200 చుట్లతో) తిప్పడం కన్నా రెండింటిని 600తో తిప్పడం మేలు. చోటుంటే 120 మి.మీ.కు బదులు 140 మి.మీ. ఫ్యాన్లు పెట్టుకోవడం ఇంకా మేలు. నాలుగు పిన్నుల ఫ్యానుకు పీడబ్ల్యూఎం మోడ్ (సంకేతంతో వేగం మార్చేది), మూడు పిన్నుల ఫ్యానుకు డీసీ మోడ్ (వోల్టేజీతో వేగం మార్చేది) బయోస్‌లో ఎంచుకోవాలి. మూడు పిన్నుల ఫ్యానును పీడబ్ల్యూఎంలో వదిలేస్తే అది ఎప్పుడూ 12 వోల్టుల మీద పూర్తి వేగంతోనే తిరుగుతుంది.

నిలకడగా సాగే చప్పుడుకు చెవి అలవాటు పడుతుంది. మాటిమాటికీ పెరిగి తగ్గేదే ప్రాణం తీస్తుంది. బ్రౌజర్ తెరిచిన క్షణంలో ప్రాసెసర్ వేడి పది పదిహేను డిగ్రీలు ఎగబాకి వెంటనే దిగుతుంది కనుక, దాన్ని వెంబడించే కేస్ ఫ్యాన్లు ఊరికే రయ్‌మంటాయి. వాటిని మదర్‌బోర్డు ఉష్ణోగ్రతకు ముడిపెట్టండి, లేదా బయోస్‌లో వేగం మారడానికి పట్టే వ్యవధిని కొన్ని సెకన్లు పెంచండి. ఆటలు ఆడేవారు విండోస్‌లో ఫ్యాన్‌కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాంతో కేస్ ఫ్యాన్లను గ్రాఫిక్స్ కార్డు వేడికి జతచేయవచ్చు. అమర్చాక అరగంట బరువైన పని చేయించి ఉష్ణోగ్రతలు చూడాలి. మన దగ్గర డిసెంబరులో కుదిరిన అమరిక మే నెల ఎండలకు చాలదు, ఎండాకాలానికి వేరే ప్రొఫైల్ దాచుకోండి.

రెండు ఫ్యాన్లు 1000, 1010 వంటి దగ్గరి వేగాలతో తిరుగుతుంటే చప్పుడు అలలుగా పెరిగి తరుగుతుంది. ఇంటర్ ఫిజిక్సులో శృతిదండాలతో చదివిన విస్పందనాలు ఇవే. ఒకదాని వేగాన్ని ఓ వంద ఆర్‌పీఎం పెంచితేనో తగ్గిస్తేనో పోతాయి. ఏదో ఒక వేగం దగ్గర మాత్రమే పక్క పలక అదురుతుంటే ఆ వేగాన్ని తప్పించి, స్క్రూలకు బదులు రబ్బరు పిన్నులతో ఫ్యాను బిగించండి. గాలి పీల్చే వైపు రెక్కలకు మరీ దగ్గరగా జాలీ ఉన్నా ఈలలాంటి మోత వస్తుంది. మధ్యలో కొన్ని మిల్లీమీటర్ల ఎడం ఇస్తే తగ్గుతుంది.

దుమ్ము సంగతి అందరికీ తెలిసిందే. అయితే బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కలను వేలితో పట్టి ఉంచాలి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

తక్కువ వేగంలోనూ గరగరమంటుంటే బేరింగ్ అరిగినట్టే. నూనె చుక్క వేస్తే కొన్నాళ్లు ఊరుకుంటుందేమో గానీ, నేనైతే ఆ ఫ్యానును తీసేసి ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ (నూనె పొర మీద తిరిగే బేరింగ్) ఉన్నది, నాలుగు పిన్నులది చూసి పెడతాను.