ఆయిల్ మార్చేటప్పుడు పానా ఎక్కడ ఆపాలి?

సంక్రాంతికి ఊరెళ్లే ముందు కారుకి ఆయిల్ ఇంటి దగ్గరే మార్చేద్దాం అనుకునేవాళ్ల కోసం ఇది. పాత ఆయిల్ దింపడం, కొత్తది పోయడం ఎవరికైనా వచ్చేస్తాయి. పని చెడేది డ్రెయిన్ బోల్టు, అంటే పాత ఆయిల్ దింపడానికి ఇంజిన్ అడుగున విప్పే బోల్టు, తిరిగి బిగించే దగ్గర. దారిలో ఊడిపోతుందేమోనని భయం, ఆ భయంతో ఇంకో పావు చుట్టు.

నేనూ అదే చేశాను. మొదటిసారి మార్చినప్పుడు రింగ్ పానాతో బిగించాక కూడా నమ్మకం కుదరలేదు. పానాకి రెండడుగుల ఇనప పైపు తొడిగి లాగాను. మూడో లాగుకి పానా హాయిగా తిరిగింది. బిర్రుగా ఉన్న బోల్టు ఉన్నట్టుండి హాయిగా తిరిగిందంటే పని అయిపోయినట్టే. విప్పి చూస్తే బోల్టు చుట్టూ వెండి రంగు తీగ ఒకటి స్ప్రింగులా చుట్టుకుని ఉంది. అది ఆయిల్ చాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలవ ఉండే తొట్టి) బోల్టు రంధ్రం లోపలి మర. బోల్టు ఉక్కుది, చాంబర్ అల్యూమినియంది. రెండూ పోట్లాడితే ఎప్పుడూ అల్యూమినియమే ఓడిపోతుంది.

అసలు ఎంత బలం కావాలో తెలిస్తే ఈ టెన్షన్ సగం పోతుంది. చిన్న కార్లలో డ్రెయిన్ బోల్టు బిగింపు చాలావరకు 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) మధ్య ఉంటుంది. మీ కారు అంకె సర్వీస్ మాన్యువల్లో చూసుకోండి, పక్కింటివాళ్ల కారుది పనికిరాదు. ఉదాహరణకి 35 అనుకుందాం. 25 సెంటీమీటర్ల పానా చివర సుమారు 14 కిలోల బరువు వేలాడదీస్తే అంత వస్తుంది. ఇంట్లో సిలిండర్‌లో పట్టే గ్యాస్ బరువు అది, సిలిండర్‌ది కాదు. ఒక చేత్తో నిదానంగా లాగితే చాలు. అదే లాగుడు పైపు తొడిగి 75 సెంటీమీటర్ల దూరం నుంచి లాగితే 105 అవుతుంది. చేతికి మాత్రం తేడా తెలియదు. అందుకే పైపు వద్దు, కాలితో తొక్కడం అసలే వద్దు.

ఆయిల్ కారకుండా ఆపేది మన బలం కాదు, వాషరు. వంటింట్లో నల్లా వాషరు అరిగిపోయాక ఎంత గట్టిగా కట్టినా చుక్క ఆగదు కదా, ఇదీ అంతే. చాలా కార్లలో ఈ వాషరు రాగిదో అల్యూమినియందో ఉంటుంది. మొదటిసారి బిగించినప్పుడే అది నలిగి సందులు పూడ్చేస్తుంది. అలా నలిగినదాన్ని మళ్లీ వేస్తే సరిగ్గా కూర్చోదు, కారుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తాం. నేను చూసినంతలో మరలు పోయేది ఎక్కువగా ఇలాగే. వాషరు ఖరీదు ఆయిల్ డబ్బా ముందు లెక్కలోకి రాదు, ప్రతిసారీ కొత్తది వేయండి.

బోల్టు పెట్టేటప్పుడు పానా దూరంగా ఉంచండి. మరలు గుడ్డతో తుడిచి, వేళ్లతో మొదట వెనక్కి తిప్పండి. మర మరలో పడినప్పుడు చిన్న టిక్కు తెలుస్తుంది, అప్పుడు ముందుకి తిప్పాలి. కనీసం మూడు చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. ఎక్కకపోతే వంకరగా పడినట్టే, విప్పి మళ్లీ పెట్టండి.

టార్క్ రెంచ్, అంటే పెట్టిన అంకె రాగానే క్లిక్కుమనే పానా, కొంటుంటే పెద్దది తీసుకోకండి. 200 న్యూటన్ మీటర్ల దాకా వెళ్లే రెంచ్‌కి 35 దాదాపు అట్టడుగున ఉండే అంకె, అక్కడ దాని లెక్క అంత కచ్చితంగా ఉండదు. అంతకంటే చిన్నది, 3/8 డ్రైవ్ (సాకెట్ తొడిగే చదరపు మొన 3/8 అంగుళం) ఉన్నది ఈ పనికి బాగుంటుంది. క్లిక్ ఒక్కసారి వినపడగానే ఆపేయాలి. అనుమానం తీరక మళ్లీ మళ్లీ క్లిక్కుమనిపిస్తే బిగింపు పెరుగుతుంది.

ఆయిల్‌తో పాటు మార్చే ఆయిల్ ఫిల్టర్ సంగతి ఇంకా సులువు, కానీ దాన్నే ఎక్కువమంది పాడుచేస్తారు. డబ్బాలా ఉండే ఫిల్టర్ అయితే రబ్బరు రింగుకి కొత్త ఆయిల్ రాసి చేత్తో తిప్పండి. రబ్బరు ఇంజిన్‌కి ఆనిన దగ్గర నుంచి ముప్పావు చుట్టు, అంతే. ఫిల్టర్ మీద వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి. ఫిల్టర్ పానా విప్పడానికే. దాంతో బిగిస్తే వచ్చే ఏడాది విప్పేటప్పుడు డబ్బా నలిగిపోతుంది కానీ తిరగదు. ఇంకొకటి, పాత రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోతుంది. దాని మీద కొత్తది కూర్చుంటే ఆయిల్ ధారగా పోతుంది. వేలితో తడిమి చూసుకోండి. ప్లాస్టిక్ మూత ఉన్న ఫిల్టర్లలో బిగింపు అంకె తరచూ మూత మీదే ఉంటుంది, 25 న్యూటన్ మీటర్లు చాలా చోట్ల కనిపిస్తుంది. దాటితే మూత పగులుతుంది.

కారు కిందికి దూరేముందు స్టాండ్లు పెట్టి, చక్రాలకి అడ్డు వేయండి. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి వెళ్లొద్దు. గేర్‌బాక్స్‌కీ అలాంటి బోల్టే ఉంటుంది, విప్పేముందు ఏది ఏదో చూసుకోండి.

బిగించేటప్పుడు మర జారితే అక్కడితో ఆగండి. ఎమ్‌సీల్ పూసి, టేపు చుట్టి బండి తీయకండి. ఆయిల్ ఇంకా పోయలేదు కాబట్టి ఇంజిన్ క్షేమం, స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని పిలవండి. లోపల స్టీలు కాయిల్ వేసి కొత్త మర కట్టొచ్చు, లేదా ఒక సైజు పెద్ద బోల్టు వేస్తారు. రెండూ కుదరకపోతే చాంబర్ మార్చాలి. ఈ పని షాపులు తెరిచి ఉండే రోజు పొద్దున్నే పెట్టుకోమనేది అందుకే. నేను ఆదివారం సాయంత్రం పెట్టుకున్నాను.

అంతా సవ్యంగా అయితే ఆయిల్ పోసి, ఒక నిమిషం ఇంజిన్ నడిపి, ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడండి. రాత్రికి కారు కింద అట్టముక్క పరచండి. తెల్లారి అట్ట పొడిగా ఉంటే పానా మళ్లీ పెట్టెలోంచి తీయక్కర్లేదు.