మూడు తాళాల పెట్టె: డ్వాక్రా సంఘాన్ని నడపడం ఎలా

ఆఫ్రికాలోని మలావీ దేశపు పల్లెల్లో ఆడవాళ్ల పొదుపు సంఘాన్ని 'బంకి మ్‌ఖొండే' అంటారు, అంటే అరుగు మీది బ్యాంకు. ఇలాంటి సంఘాల డబ్బు పెట్టెకు మూడు తాళాలుంటాయి. తాళం చెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. మన డ్వాక్రా సంఘాలకు బ్యాంకు ఖాతా ఉంది కాబట్టి పెట్టె అక్కర్లేదు, ఆ ఏర్పాటు మాత్రం కావాలి.

పలాసలోనైనా బొబ్బిలిలోనైనా పాస్‌బుక్కు, చెక్కుబుక్కు, తీర్మానాల పుస్తకం మొదటి లీడరు బీరువాలోనే ఉంటే మూడు తాళాలూ ఒకే చేతిలో ఉన్నట్టే. పాస్‌బుక్కు ఒక లీడరు, తీర్మానాల పుస్తకం రెండో లీడరు, చెక్కుబుక్కు పదవి లేని సభ్యురాలు ఉంచుకోవాలి. "టౌనుకు మళ్లీ ఎవరు తిరుగుతారు, బేగి పెట్టీ వదినా" అని ఖాళీ ఫారాల మీద ముందే సంతకాలు పెట్టించుకుంటారు చూడండి, సగం గొడవలు అక్కడే పుడతాయి.

సమావేశంలో డబ్బు అందరి ముందూ, పైకి లెక్కపెట్టాలి. 12 మంది, తలా 200 అంటే 2,400. చేతిలో 2,200 ఉంటే ఎవరు కట్టలేదో తేలి, ఆ పేరు బాకీగా రాశాకే లేవాలి. లీడరు జేబులోంచి 200 వేసి సర్దేస్తే వచ్చే నెల ఆ బాకీ ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. లీడరు భర్త లెక్క రాస్తానంటే టీ ఇచ్చి పంపేయండి.

ఎక్కువ తప్పులు జరిగేది వడ్డీ దగ్గర. నూటికి నెలకు రూపాయి చొప్పున 10,000 అప్పు, పది కిస్తీలు అనుకుందాం. మొదటి నెల 1,000 అసలు, 100 వడ్డీ. రెండో నెల మిగిలిన 9,000 మీద 90. ఆఖరి నెల 10. మొత్తం వడ్డీ 550. ప్రతి నెలా 100 రాసుకుంటూ పోతే 1,000 అవుతుంది, అదనంగా రాసిన ఆ 450 అప్పు తీసుకున్న సభ్యురాలి దగ్గర అన్యాయంగా లాగినట్టే.

కిస్తీ వేసేముందు ఆ ఇంటికి డబ్బు ఎప్పుడొస్తుందో అడగండి. జీడిపప్పు పరిశ్రమలో కూలికి వెళ్లేవారికి సమాన కిస్తీలు సరిపోతాయి. వరి రైతు ఇంటికి నాట్లప్పుడు చిన్న కిస్తీ, సంక్రాంతి తర్వాత పెద్దది. మలావీలో వానలు నవంబరు ప్రాంతంలో మొదలవుతాయి. ఏడాది పొదుపును పంచుకునే సంఘాలు విత్తనాలకు, ఎరువుకు ఆ డబ్బు అందేలా చూసుకుంటాయి. మనం మాత్రం మూలనిధి, అంటే సంఘంలో పోగైన పొదుపు, వడ్డీ సొమ్ము, పంచుకోకూడదు. సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణానికి దాన్ని కూడా చూస్తారు.

నగదు ఊరికే ఉంచడమూ నష్టమే. 2012 ఏప్రిల్‌లో జాయిస్ బండా మలావీ తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. మేలో అక్కడి డబ్బు క్వాచా విలువను దాదాపు మూడో వంతు తగ్గించారు. ధరలు పెరిగి, పెట్టెలో దాచిన నోటుకు వచ్చే సరుకు తగ్గిపోయింది. మన దగ్గరా పోగైన పొదుపును అవసరమున్న సభ్యురాలికి అప్పుగా తిప్పడమే మేలు.

పార్టీ సభకు రాలేదని జరిమానా తీర్మానం రాయకండి. సంఘం డబ్బుకూ దానికీ సంబంధం లేదు.

రెండేళ్లకోసారి లీడర్లను మార్చండి. సభ్యులందరూ సంతకాలు పెట్టిన తీర్మానం నకలు, కొత్త లీడర్ల ఫొటోలు, ఆధార్ నకళ్లు బ్యాంకుకివ్వాలి. అది వాయిదా వేస్తే బ్యాంకులో పాత లీడరు సంతకమే చెల్లుతూ ఉంటుంది.