చెత్తను కొలవడం – 4వ పాఠం: తేమ, బూడిద, వేడి

గత పాఠంలో చెత్త కుప్పను నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ సుమారు 100 కిలోల నమూనాకు దించాం. దాన్ని రకాలవారీగా ఏరి తూచాం. ఇప్పుడు ఆ రకాలను, కుప్పలో ఉన్న నిష్పత్తిలోనే, మొత్తం 1,000 గ్రాముల తడి చెత్త అయ్యేలా తీసుకోండి. సంచి లోపలి గోడకు పట్టిన నీటి బొట్లు కూడా నమూనాలోవే. వాటిని తుడిచేస్తే తేమ అక్కడే తగ్గిపోతుంది.

తేమ

ట్రేలో 3 సెంటీమీటర్ల మందానికి మించకుండా పరిచి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచండి. చల్లార్చి తూచి, మరో రెండు గంటలు ఆరబెట్టి మళ్లీ తూచండి. తేడా ఒక గ్రాము లోపు ఉంటేనే ఆరినట్టు.

పల్చని ప్లాస్టిక్ సంచులను మాత్రం ఈ ట్రేలో వేయకండి. ఆ వేడికి అవి మెత్తబడి ముడుచుకుని, మధ్యలో చిక్కిన తడి ఆహారాన్ని పొరలా కప్పేస్తాయి. బరువు మారడం ఆగిపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. వాటిని కత్తిరించి విప్పి, వేరే ట్రేలో 75 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి.

ఆరాక 480 గ్రాములు మిగిలిందనుకుందాం. పోయిన నీరు 520 గ్రాములు. తడి బరువు మీద తేమ 52 శాతం, పొడి బరువు మీద 108 శాతం. రెండూ సరైనవే. అయితే ఏ బరువు మీద లెక్కించారో రాయని నివేదికతో ఏ పనీ జరగదు. ఈ పనిలో ఎక్కువ తప్పులు యంత్రాల వల్ల కాదు, ఈ ఒక్క మాట రాయకపోవడం వల్లే వస్తాయి.

బూడిద

ఆరిన చెత్తలోంచి రాళ్లు, గాజు, లోహం ఏరి తూచి పెట్టుకోండి. మన ఉదాహరణలో అవి 60 గ్రాములు. మిగిలిన 420 గ్రాములను 1 మిల్లీమీటరు జల్లెడలో దిగేలా మర పట్టండి.

ఖాళీ క్రూసిబుల్‌ను (వేడిని తట్టుకునే చిన్న గిన్నెను) 550 డిగ్రీల దగ్గర కాల్చి, డెసికేటర్‌లో (గాలిలోని తేమ తగలకుండా మూసి ఉంచే పాత్రలో) చల్లార్చి తూచండి. అందులో 2 గ్రాముల పొడి వేసి, చల్లగా ఉన్న ఫర్నేస్‌లో పెట్టి వేడిని మెల్లగా పెంచండి. ఎర్రగా కాగిన ఫర్నేస్‌లో ఒక్కసారిగా పెడితే పొడి భగ్గుమని అంటుకుని, కొంత పొగతో పాటు ఎగిరిపోతుంది. 550 దగ్గర రెండు గంటలు ఉంచండి. అడుగున నల్లగా కనిపిస్తే కార్బన్ ఇంకా మిగిలినట్టే. చల్లారాక రెండు మూడు చుక్కల నీళ్లు వేసి, ఆరనిచ్చి, మళ్లీ కాల్చండి.

0.54 గ్రాములు మిగిలితే బూడిద 27 శాతం, కాలిపోయింది 73 శాతం. ఆ 73ను 1.8తో భాగిస్తే కార్బన్ సుమారు 40 శాతం అని అంచనా వేస్తారు. ఈ సూత్రం కుళ్లే పదార్థానికి సరిపోతుంది. ప్లాస్టిక్ కూడా కాలిపోయేదే, కానీ కుళ్లదు. కంపోస్టు కోసం లెక్కిస్తుంటే ప్లాస్టిక్ తీసేసిన పొడితోనే ఈ పరీక్ష చేయాలి.

వేడి

ఒక గ్రాము పొడిని బిళ్లగా నొక్కి, బాంబ్ కెలోరిమీటర్‌లో, అంటే మూసిన గట్టి ఉక్కు పాత్రలో కాల్చి వెలువడిన వేడిని కొలిచే పరికరంలో, సుమారు 30 అట్మాస్ఫియర్ల ఆక్సిజన్‌లో కాల్చాలి. బిళ్ల చేయకపోతే పొడి చెదిరి సగమే కాలుతుంది. కాల్చాక బాంబ్ లోపల మసి కనిపిస్తే ఆ ఫలితం పనికిరాదు.

కిలో పొడికి 18 మెగాజౌళ్లు వచ్చిందనుకోండి. ఆ అంకె చూసి మురిసిపోకూడదు, కొలిమిలోకి వెళ్లేది తడి చెత్త. కిలో తడి చెత్తలో కాలే పొడి 0.42 కిలోలే కాబట్టి 7.56 మెగాజౌళ్లు. హైడ్రోజన్ పొడిలో 6 శాతం అయితే అది 0.0252 కిలోలు. కాలినప్పుడు దానికి తొమ్మిది రెట్లు, అంటే 0.227 కిలోల నీరు పుడుతుంది. తేమ 0.52 కలిపితే 0.747. ఈ నీరంతా ఆవిరి కావడానికి కొంత వేడి ఖర్చవుతుంది. కిలోకు 2.44 మెగాజౌళ్ల చొప్పున 1.82 పోగా మిగిలేది 5.74 మెగాజౌళ్లు, అంటే సుమారు 1,370 కిలోకెలోరీలు.

చెత్తను కాల్చే ప్లాంటుకు ఈ విలువ అన్ని కాలాల్లోనూ కిలోకు 6 మెగాజౌళ్లకు తగ్గకూడదనీ, ఏడాది సగటు కనీసం 7 ఉండాలనీ ప్రపంచ బ్యాంకు మార్గదర్శకాలు చెబుతాయి. కాబట్టి ఈ చెత్త ఆ ప్రమాణానికి చాలదు. తేమ 40 శాతమైతే ఫలితం ఎంతవుతుందో మీరే లెక్కేయండి. పొడి భాగం 600 గ్రాములకు పెరుగుతుందని, అందులో రాళ్లూ గాజూ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతాయని మరవకండి.

వచ్చే పాఠం నత్రజని మీద. దానికి ఓవెన్‌లో ఆరిన పొడి పనికిరాదు, ఎండేటప్పుడే అమ్మోనియా ఎగిరిపోతుంది. 200 గ్రాముల తడి నమూనాను మూత బిగించి 4 డిగ్రీల దగ్గర ఇప్పుడే దాచిపెట్టండి.